సుడి చూసి కోట్లు

2024 మార్చిలో అమెరికా ఫుట్‌బాల్ జట్టు అట్లాంటా ఫాల్కన్స్ వారు కిర్క్ కజిన్స్ అనే, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి నాలుగేళ్ళకు 18 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అందులో 10 కోట్లు గ్యారంటీ. అంటే ఆయన ఆడినా, కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకున్నా ఇచ్చి తీరాల్సిన సొమ్ము. ఆయన వయసు అప్పటికి 35. అంతకు ముందు అక్టోబరులోనే మడమ వెనక నరం తెగి సీజనంతా పోగొట్టుకున్నాడు. సరే, పెద్దవాళ్ళు, తెలిసే చేసి ఉంటారని జనం ఊరుకున్నారు.

ఆరు వారాలు తిరిగాయి. ఏప్రిల్లో డ్రాఫ్ట్ వచ్చింది. ఫాల్కన్స్ చేతిలో ఎనిమిదో నంబరు పిక్, అంటే కాలేజీ కుర్రాళ్ళలో ఒకణ్ణి ఎంచుకునే ఎనిమిదో వంతు, ఉంది. దాంతో ఎవరిని తీసుకున్నారు? మైకెల్ పెనిక్స్ జూనియర్‌ని. అతను ఏం ఆడతాడు? క్వార్టర్‌బ్యాక్. మైదానంలో ఒకసారికి క్వార్టర్‌బ్యాక్‌లు ఎంతమంది ఆడతారు? ఒక్కడే.

డిసెంబరు నాటికి పెద్దాయన బెంచి మీద, కుర్రాడు మైదానంలో. ఇందులో ఇంకో ముచ్చట ఉంది. కజిన్స్‌తో పాటు మరో ఇద్దరితో గడువుకు ముందే చాటుగా మంతనాలాడారని తేల్చి లీగ్ వారు ఫాల్కన్స్‌కి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశారు. మరుసటి ఏడాది ఐదో రౌండ్ పిక్ కూడా ఊడబెరికారు. ఆరు వారాల్లో అనుమానం మొదలయ్యే మనిషి కోసం ఆగలేక గోడ దూకారన్నమాట.

అట్లాంటాని ఒక్కదాన్నే వెక్కిరించి ఊరుకుంటే అన్యాయం. అమెరికా వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఈ కోలబంతి ఆటలో, వాళ్ళ ఎన్.ఎఫ్.ఎల్. లీగులో, 32 జట్లు ఉన్నాయి. ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి వాటికి ముఖ్యమైన దారులు రెండు. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళను ఏడు రౌండ్లలో వంతులవారీగా పంచుకోవడం డ్రాఫ్ట్. కిందటేడు అందరికంటే చిత్తుగా ఓడినవాళ్ళది మొదటి వంతు. లీగులో కొన్నేళ్ళు ఆడి, ఒప్పందం తీరి, ఎవరెక్కువిస్తే వాళ్ళ దగ్గరికి పోగలిగినవాడు ఫ్రీ ఏజెంట్. ఒకడు ఇంకా ఏమీ చేయలేదు. రెండోవాడు చేసిందంతా వీడియోలో ఉంది. ఈ ఇద్దరిలో ఎవరిని ఎంతకు కొనాలో తేల్చడానికి ప్రతి జట్టూ ఒక భవనం నిండా స్కౌట్లనీ, లెక్కలవాళ్ళనీ, డాక్టర్లనీ పోషిస్తుంది. వాళ్ళ ఘనకార్యాలు చూద్దాం.

ముందు కుర్రాళ్ళ సంగతి. ఏటా చలికాలం చివర ఇండియానాపొలిస్‌లో కంబైన్ అనే తంతు జరుగుతుంది. కాలేజీ ఆట ముగించిన మూడొందల మందికి పైగా కుర్రాళ్ళను పిలిచి, పొట్టి లాగులతో వరసగా నిలబెట్టి కొలతలు తీస్తారు. ఎత్తు, బరువు, చేతి పొడవు. అరచెయ్యి చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎన్ని అంగుళాలు. 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తాడు. ఉన్నచోటు నుంచి ఎంత ఎగిరాడు. నలభై గజాలు ఎన్ని సెకన్లలో ఉరికాడు, సెకనులో నూరోవంతుతో సహా. ఒంటి మీద రక్షణ కవచం ఉండదు. మీదపడి పడగొట్టేవాడు ఉండడు. ఒక్క మాటలో, ఫుట్‌బాల్ తప్ప అన్నీ ఉంటాయి.

ఒంగోలు వైపు ఎడ్ల సంతలో రైతు కూడా పళ్ళు లెక్కపెడతాడు, గిట్టలు చూస్తాడు, ఏ సుడి ఎక్కడుందో వేలు పెట్టి తడుముతాడు. పలానా చోట సుడి ఉంటే యజమానికి చేటని నమ్మేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ రైతు తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరం తెగ్గొట్టే ముందు, ఎద్దుకి కాడి కట్టి నాలుగడుగులు లాగించి చూస్తాడు. ఎందుకంటే డబ్బు ఆయనది. కంబైన్‌కి వచ్చే పెద్దమనుషులకి ఆ ఇబ్బంది లేదు. వాళ్ళు సుడి దగ్గరే ఆగిపోతారు. మనుషుల్ని పశువుల్లా నిలబెడుతున్నారన్న విమర్శ పాతదే. పశువుల బేరగాడికున్న జాగ్రత్త కూడా లేకపోవడం దీని ప్రత్యేకత.

2020లో జో బరో అరచెయ్యి తొమ్మిది అంగుళాలే వచ్చిందని పత్రికలవాళ్ళు దిగులుపడ్డారు. బంతి జారిపోతుందేమో, ఇక రిటైరైపోతే మేలేమో అని ఆ కుర్రాడే జోకేశాడు. రెండో ఏడాదికే తన జట్టు బెంగాల్స్‌ని లీగు ఫైనలైన సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. 2022లో కెనీ పికెట్ వంతు. కంబైన్‌లో కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలు. ఆయన బొటనవేలు సాగదీసే వ్యాయామాలు చేసి, తర్వాత కాలేజీలో మళ్ళీ కొలిపించుకుంటే అంగుళంలో ఎనిమిదోవంతు పెరిగింది. ఆ ఎనిమిదోవంతు దేశమంతా వార్త. మొదటి రౌండులో తీసుకున్న స్టీలర్స్ రెండేళ్ళు తిరక్కుండానే ఇంకొకరికి ఇచ్చేశారు. చెయ్యి చిన్నదని కాదు, బంతి సరిగా విసరడం లేదని.

బుర్రకీ కొలత ఉండేది. పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నలు, వండర్లిక్ అని పేరు. 2022లో దాన్ని వదిలేశారు. ఇంటర్వ్యూల సంగతి చెప్పడానికే సిగ్గు. 2010లో ఒక జనరల్ మేనేజర్ ఒక కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మీ అమ్మ ఒళ్ళమ్ముకునేదా అని అడిగి, బయటపడ్డాక క్షమాపణ చెప్పుకున్నాడు. గుణశీలాల పరిశీలన అట. ఎవరివి పరిశీలించాలో తెలియక ఎదుటివాడివి పరిశీలించారు.

2017లో జాన్ రాస్ నలభై గజాలు 4.22 సెకన్లలో ఉరికి అప్పటి రికార్డు బద్దలుకొట్టాడు. బెంగాల్స్ కళ్ళు తిరిగి తొమ్మిదో పిక్ ఖర్చుపెట్టారు. మొదటి ఏడాది అతను పట్టిన బంతులు సున్నా. సరిగ్గా ఆ తర్వాతి పిక్, పదోది, కాన్సస్ సిటీ వాళ్ళది. వాళ్ళు తీసుకున్న కుర్రాడి పేరు పాట్రిక్ మహోమ్స్, తర్వాత లీగులో మేటి క్వార్టర్‌బ్యాక్ అయినవాడు.

ఇక్కడ స్కౌట్ల తరఫు లాయరు లేచి, అయ్యా బ్రాక్ పర్డీ సంగతేమిటి అంటాడు. చెబుతా. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మూడో స్థానానికి ఎగబాకడానికి మూడు మొదటి రౌండ్ పిక్కులు, పైన ఒక మూడో రౌండ్ పిక్ ధారపోసి ట్రే లాన్స్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. కాలేజీలో గట్టిగా ఒక్క సీజను ఆడినవాడు. ఇక్కడ మొదటి నుంచి దిగిన ఆటలు నాలుగు. తర్వాత డాలస్‌కి నాలుగో రౌండ్ పిక్‌కి అమ్మేశారు. ఇంతలో 2022 డ్రాఫ్టులో అదే ఆఫీసు, అవే కళ్ళు, ఎనిమిది మందిని ఎంచుకున్నాక, ఇక డ్రాఫ్టే అయిపోతుండగా, 262వ పిక్‌తో పర్డీని తీసుకున్నారు. చివరి పిక్‌లో వచ్చినవాణ్ణి అక్కడ ముద్దుగా పనికిరాని బాబు అన్నంత అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు, ఊరేగిస్తారు కూడా. ఆ బాబే 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడాడు. దాంతో ఆఫీసు వారి దివ్యదృష్టి మీద వ్యాసాలొచ్చాయి. అంత దివ్యదృష్టి ఉంటే అతనికంటే ముందు ఆ ఎనిమిది మంది ఎందుకయ్యా? 2000లో, తర్వాత మేటి క్వార్టర్‌బ్యాక్ అయిన టామ్ బ్రేడీని 199వ పిక్‌తో తీసుకున్న న్యూ ఇంగ్లాండ్ వారు కూడా ముందు ఆరుగుర్ని ఎంచుకున్నారు. దారిలో దొరికిన నోటుని జీతంగా రాసుకునే అలవాటు ఇది.

లాన్స్ కోసం ధారపోసిన పిక్కుల్లో ఒకటి పన్నెండో నంబరు. అది చేతులు మారి మారి డాలస్‌కి చేరింది. దాంతో వాళ్ళు మైకా పార్సన్స్ అనే మేటి డిఫెన్స్ ఆటగాణ్ణి తీసుకున్నారు. తర్వాత లాన్స్ కూడా డాలస్‌కే వచ్చాడు. ఖర్చు పెట్టిన రూపాయీ, దాంతో కొన్న పుచ్చు వంకాయా పక్కింట్లోనే తేలాయి.

ఈ పిక్కుల మారకానికి ఒక పట్టిక ఉంది. 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు డాలస్ వాళ్ళు తయారుచేసుకున్నది. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, అక్కడి నుంచి దిగుతూ పోతుంది. సంఖ్యలుంటే శాస్త్రమే కదా, లీగంతా కళ్ళకద్దుకుంది. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు కూర్చుని ఏళ్ళ తరబడి డ్రాఫ్టులన్నీ తిరగేశారు. థేలర్‌కి తర్వాత 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్ళు తేల్చింది ఇది: మైదానంలో ఒక స్థానానికి ముందుగా ఎంచుకున్నవాడు, అదే స్థానానికి వెంటనే తర్వాత ఎంపికైనవాడికంటే మెరుగ్గా తేలే అవకాశం బొమ్మా బొరుసా వేసినదానికంటే రవ్వంత ఎక్కువ. పైకి ఎగబాకడానికి జట్లు పోసే ధర మాత్రం తమ కంటికి తిరుగులేదన్న నమ్మకంతో పోసేది. భవనం నిండా జీతగాళ్ళెందుకు, ఒక నాణెం చాలదా అని ఏ యజమానీ అడగలేదు. అడిగితే ఆ నాణేన్ని ఎగరేయడానికి ఒక వైస్ ప్రెసిడెంటుని పెడతారు.

పోనీ కుర్రాళ్ళ విషయంలో చీకట్లో బాణం అనుకుందాం. ఫ్రీ ఏజెంట్ విషయంలో ఆ సాకు లేదు కదా. మనిషి ఆట మొత్తం కళ్ళముందుంది. అయినా ఏం చేస్తారు?

2009లో వాషింగ్టన్ వాళ్ళు ఆల్బర్ట్ హేన్స్‌వర్త్ అనే కొండలాంటి డిఫెన్స్ ఆటగాడికి ఏడేళ్ళకు 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందులో 4.1 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది కొత్త కోచ్ మైక్ షానహన్ వచ్చి, బాబూ ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తి చూపించు అన్నాడు. పరిగెత్తే పరీక్ష పాసవడానికి ఆయనకి వారం దాటింది. నవంబరులో ఫిలడెల్ఫియాతో సోమవారం రాత్రి ఆట, దేశమంతా టీవీ ముందుంది. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మైకెల్ విక్ బంతి పట్టుకుని అటూ ఇటూ చూస్తూ తీరిగ్గా నిలబడ్డాడు. హేన్స్‌వర్త్ అప్పటికే పడిపోయాడు. పడినవాడు లేవలేదు. గడ్డి మీద బోర్లా పడుకుని, మిగతావాళ్ళు తంటాలు పడుతుంటే అలాగే ఉండిపోయాడు. ఆ దృశ్యాన్ని తిప్పి తిప్పి వేశారు. ఆ జట్టుకి ఆయన ఆడిన ఆటలు మొత్తం ఇరవై. తర్వాత ఒక ఐదో రౌండ్ పిక్‌కి వదిలించుకున్నారు. తప్పు హేన్స్‌వర్త్‌దని అందరూ తిట్టారు. ఆయన పాత జట్టు టెనెసీకి ఈ మనిషి ఏడేళ్ళుగా తెలుసు. వాళ్ళు అంత ధర ఎందుకు పెట్టలేదో ఒక్క నిమిషం ఆలోచించనివాడు ఎవడో, చెక్కు మీద సంతకం ఉంది, చూసుకోవచ్చు.

మ్యాట్ ఫ్లిన్ కథ ఇంకా పొట్టిది. 2012 జనవరి 1న, పెద్ద క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ విశ్రాంతి తీసుకుంటుంటే, అతని బదులు దిగి 480 గజాలు విసిరి ఆరు టచ్‌డౌన్లు చేశాడు. ఒక్క ఆట. సియాటిల్ వారు పరుగున వచ్చి కోటి డాలర్ల గ్యారంటీతో ఎత్తుకెళ్ళారు. ఆ ఏప్రిల్లోనే మూడో రౌండులో, 75వ పిక్‌తో, పొట్టివాడని అందరూ వదిలేసిన రసెల్ విల్సన్‌ని కూడా తెచ్చారు. సెప్టెంబరులో మొదటి ఆటకి దిగింది విల్సన్. 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిందీ విల్సనే. చూశారా, డ్రాఫ్టే గొప్ప అని గుండెలు చరుచుకునేలోపు ఒక మాట: ఆ రోజు 43-8తో ఓడిన డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఫ్రీ ఏజెంటుగా వచ్చినవాడు. రెండేళ్ళకి అదే మానింగ్, పక్కన బజారులో కొనుక్కొచ్చిన డిఫెన్స్ ఆటగాళ్ళతో, సూపర్ బౌల్ గెలిచాడు.

ఆ గెలిచిన సీజనులో మానింగ్‌కి దెబ్బ తగిలితే ఏడు ఆటలు మొదలుపెట్టినవాడు బ్రాక్ ఆస్‌వైలర్. ఆ ఏడు ఆటలకు హ్యూస్టన్ టెక్సన్స్ కట్టిన ధర నాలుగేళ్ళకు 7.2 కోట్లు. వాళ్ళ కోచ్ సంతకానికి ముందు ఆయన్ని ఎదురుపడి కలవనే లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. కంబైన్‌లో బొటనవేలి పొడవు కూడా వదలనివాళ్ళు, ఇక్కడ మొహం చూడకుండా ఖజానా తెరిచారు. ఒక్క సీజను గడిచింది: 15 టచ్‌డౌన్లు, ప్రత్యర్థి చేతిలో పెట్టిన బంతులు 16. అప్పుడు ఎదురుకట్నంగా రెండో రౌండ్ పిక్ ఇచ్చి మరీ క్లీవ్‌లాండ్‌కి సాగనంపారు. క్లీవ్‌లాండ్ వారు మనిషిని పక్కనపెట్టి పిక్ జేబులో వేసుకున్నారు. దాంతో వచ్చినవాడు నిక్ చబ్, బంతి పట్టుకుని పరిగెత్తే పనిలో లీగులో పేరున్న రన్నింగ్ బ్యాక్‌లలో ఒకడు.

మయామీ వాళ్ళది అతిజాగ్రత్త. 2006లో డ్రూ బ్రీస్ అనే క్వార్టర్‌బ్యాక్ భుజానికి ఆపరేషనై బజారులోకి వచ్చాడు. డాక్టర్లు తలలూపారు. భుజం వద్దని, మోకాలు దెబ్బతిన్న డాంటే కల్‌పెపర్‌ని తెచ్చుకున్నారు. ఆయన ఆ జట్టుకి ఆడింది నాలుగు ఆటలు. బ్రీస్ న్యూ ఆర్లీన్స్ వెళ్ళి, 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఆట జరిగిన స్టేడియం మయామీది.

ఇంటివాణ్ణి చూసేటప్పుడు ఇంకో జబ్బు. తన కోడి కూస్తేనే తెల్లవారుతుందనుకునే జట్టు న్యూయార్క్ జెయింట్స్. తాము డ్రాఫ్ట్ చేసిన డేనియల్ జోన్స్‌కి 2023లో 16 కోట్లు ఇచ్చారు. తామే డ్రాఫ్ట్ చేసిన సేక్వాన్ బార్క్‌లీ దగ్గరికొచ్చేసరికి లెక్కలు బయటికి తీశారు: రన్నింగ్ బ్యాక్‌లు త్వరగా అరిగిపోతారట. 2024లో ఈ చర్చంతా ఒక టీవీ సిరీస్ కెమెరా ముందే సాగింది. అతను ఫిలడెల్ఫియాకి వెళ్తే తనకి నిద్రపట్టడం కష్టమని యజమాని జాన్ మారా కెమెరా ముందే వాపోయాడు. అతను అక్కడికే వెళ్ళాడు. ఆ సీజనులో 2005 గజాలు పరిగెత్తి, తన 28వ పుట్టినరోజు నాడు సూపర్ బౌల్ గెలిచాడు. జోన్స్‌ని ఆ నవంబరులోనే జట్టు నుంచి తీసేశారు. లెక్కల్లో తప్పు లేదు. రన్నింగ్ బ్యాక్‌లు త్వరగా అరిగే మాట నిజమే. ఈ మనిషిని ఆరేళ్ళు దగ్గర నుంచి చూసినవాళ్ళకి ఈ మనిషి తప్ప అందరి సగటూ తెలుసు, అంతే.

ఇంత నవ్వాక అసలు దొంగతనం దగ్గరికి వద్దాం. జట్టుని డ్రాఫ్టుతోనే కట్టాలి, ఫ్రీ ఏజెంట్ల వెంటపడటం సోకు అని అక్కడి టీవీల్లో పెద్దలు రోజూ ప్రవచనం చెబుతారు. ఓపిక, క్రమశిక్షణ, సంస్కృతి, పెంపకం: ఎంత పెద్ద పెద్ద మాటలు! ఇదేదో తత్వం అనుకునేరు. కాదు, కూలి లెక్క.

2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకు 7.8 కోట్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. ఒక్క ఆట ఆడకుండానే. 2011లో యజమానులు తాళాలు వేసి, ఆటగాళ్ళ సంఘంతో కొత్త ఒప్పందం చేసుకున్నారు. కొత్తవాళ్ళ జీతానికి కళ్ళెం పడింది. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్ళకు 2.2 కోట్లు. ఈ పన్నెండు నెలల్లో స్కౌట్ల చూపు మెరుగవలేదు, కుర్రాళ్ళ ప్రతిభ తగ్గలేదు. కాగితం మారింది. ఒప్పందానికి తలూపింది అప్పటికే లీగులో ఉన్నవాళ్ళు. అప్పటికింకా కాలేజీలో చెమటోడుస్తున్నవాడికి అందులో ఓటు లేదు.

అప్పటి నుంచి ఫ్రీ ఏజెంట్‌ది బజారు ధర, డ్రాఫ్ట్ కుర్రాడిది కంట్రోలు ధర. ఏ జట్టు తన పేరు పిలిస్తే ఆ జట్టుకే ఆడాలి. మూడు సీజన్లు నిండేదాకా జీతం పెంచమని కొత్త బేరం పెట్టే హక్కు కూడా లేదు. స్వేచ్ఛగా బజారులోకి రావాలంటే నాలుగు సీజన్లు పూర్తికావాలి. మొదటి రౌండులో వచ్చినవాణ్ణి ఐదో ఏడు కూడా అట్టిపెట్టుకోవచ్చు. ఆ తర్వాతా వదలడం ఇష్టంలేకపోతే ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే ముద్ర వేసి ఇంకో ఏడాది కట్టిపడేయవచ్చు. ఆటగాళ్ళ సంఘం చెప్పే లెక్కలో సగటు ఆటగాడు లీగులో నిలిచేది మూడేళ్ళ చిల్లర. అంటే స్వేచ్ఛ తలుపు తెరుచుకునే వేళకి చాలామంది అప్పటికే ఇంటికెళ్ళి ఉంటారు.

పర్డీ సూపర్ బౌల్ ఆడిన ఒప్పందం విలువ, నాలుగేళ్ళదీ కలిపి, 40 లక్షల డాలర్ల లోపు. 2025 మేలో, నిబంధన అనుమతించాక, అదే మనిషికి అదే జట్టు ఐదేళ్ళకు 26.5 కోట్లు రాసింది. ముందటి ధరకీ తర్వాతి ధరకీ మధ్య ఉన్న తేడా ఎవరి దగ్గర మిగిలిందో చూడండి. దాన్నే టీవీలో ప్రతిభని కనిపెట్టే కళ అంటారు. జీతానికి కళ్ళెం తీసేసి, 22 ఏళ్ళ కుర్రాడికి కూడా ఎవరెక్కువిస్తే వారితో పోయే హక్కిస్తే, డ్రాఫ్ట్ ధర్మమార్గమని చెప్పే పీఠాధిపతుల్లో ఎంతమంది మిగులుతారో నాకు చూడాలనుంది.

ఈ గొడవ మనకెందుకనకండి. డాలస్ జట్టు కేంద్ర కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో వీధికో తెలుగిల్లు. మన పిల్లలు నక్షత్రం గుర్తు జెర్సీలు వేసుకు తిరుగుతుంటారు. ఆ జట్టు యజమాని జెర్రీ జోన్స్ జనరల్ మేనేజరు కూడా తానే. సాధారణంగా బయటి బజారులో చెయ్యి బిగించి, డ్రాఫ్ట్ మీదే గర్వపడతాడు. పార్సన్స్‌ని డ్రాఫ్టులో తెచ్చి కంట్రోలు ధరకి నాలుగేళ్ళు ఆడించుకున్నాడు. బజారు ధర ఇవ్వాల్సిన రోజు రాగానే, 2025 ఆగస్టులో, గ్రీన్ బేకి ఇచ్చేశాడు. ఆ జట్టు చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. ఇప్పుడు ఆ జెర్సీలు వేసుకు తిరిగే పిల్లల్లో చాలామంది తండ్రులు అప్పటికింకా ఎంసెట్ కూడా రాసి ఉండరు.

కాబట్టి వచ్చే ఏప్రిల్లో ఆఫీసులో ఎవరైనా డ్రాఫ్ట్ గొప్పా, ఫ్రీ ఏజెన్సీ గొప్పా అని మీతో పందెం కాస్తే, బ్రేడీనీ పర్డీనీ చూపించి డ్రాఫ్టే అని తేల్చిపారేస్తే, ఒక్క సంగతి చెప్పండి. ఫ్రీ ఏజెంట్లను పోగొట్టుకున్న జట్లకి లీగు నష్టపరిహారంగా అదనపు పిక్కులు ఇస్తుంది. బ్రేడీ వచ్చిన 199, పర్డీ వచ్చిన 262, రెండూ అలా ఇచ్చినవే.